ఇంటర్వెల్ కబుర్లు: కొమ్ముచెంబుకి కొత్త వేషం

2004లో శేఖర్ కమ్ముల 'ఆనంద్' తీసినప్పుడు 'మంచి కాఫీలాంటి సినిమా' అని ప్రచారం చేసుకున్నారు. మీలో కొందరు అప్పటికి ఉగ్గుపాలు తాగుతూ ఉండి ఉంటారు గానీ, ఆ మాట మాత్రం వినే ఉంటారు. కాఫీలాంటి సినిమా సంగతి సరే. సినిమాలాంటి కాఫీ కూడా ఒకటుందనీ, దానికీ ఓ స్క్రీన్‌ప్లే, ఓ టైమింగు, ఓ రిహార్సలు ఉంటాయనీ నాకు నిరుడు దాకా తెలీదు. ఒట్టు!

తెలియజేసినవాడు కృష్ణానగర్‌లో ఉండే ఒక అసిస్టెంట్ డైరెక్టరు. పేరు రాయను. మొదటి సినిమా ఇంకా సెట్స్ మీదకి వెళ్లలేదు, ముందే పేరు బయటపడితే దిష్టి తగులుతుందని అతగాడి భయం. పదడుగుల గది. ఓ మంచం, ఓ బీరువా, గోడకి కురొసావా బొమ్మ. "కాఫీ తాగుతారా అన్నా?" అన్నాడు. కాఫీ అంటే కాదనే జర్నలిస్టు ఇంకా పుట్టలేదు కదా, సరేనన్నాను.

ఇహ చూడండి! బీరువాలోంచి కంసాలి కాటాలాంటి బుల్లి త్రాసు వచ్చింది. దాని మీద ఓ గాజు జాడీ, జాడీ మీద ఓ గరాటా, గరాటాలో మడత పెట్టిన కాయితం. కాయితంలో అరకు గింజల పొడి. ఆ తర్వాత వచ్చింది అసలు హీరోయిన్. హంస మెడలా వంపు తిరిగిన సన్నటి కొమ్మున్న కెటిల్! దాన్ని వంచి, ఊపిరి బిగబట్టి, దారమంత సన్నటి ధారతో పొడి మీద గుండ్రంగా ముగ్గు వేసినట్టు నీళ్లు పోశాడు. మూడు నిమిషాల పాటు మా ఇద్దరి మధ్యా డైలాగు లేదు. తీరా ఇచ్చింది పాలూ పంచదారా లేని నల్లకాఫీ. మొహమాటానికి ఓ గుక్క తాగాను. రెండో గుక్క మొహమాటానికి కాదు. చేదు ఉందా అంటే ఉంది, కానీ దాని వెనకాల ఎక్కడో బత్తాయి తొక్క వాసన, ఇంకా వెనకాల బెల్లం పాకం.

అయితే నా కళ్లు కాఫీ మీద లేవు, ఆ కెటిల్ మీదున్నాయి. ఎక్కడో చూశాను దీన్ని! ఇంటికొచ్చి పడుకున్నాక వెలిగింది. మా అక్క పెళ్లిలో! పెళ్లికొడుకు కాళ్లు నాన్న కడుగుతుంటే, పక్కన నిలబడి అమ్మ సన్నటి ధారగా నీళ్లు పోసిందే, ఆ కొమ్ముచెంబు. మన సినిమాల్లో ఎన్ని పెళ్లిళ్లు చూశామో అన్నిసార్లూ చూసిన చెంబు. దానికే ఓ పిడి తగిలించి, మెడ సాగదీసి, కొత్త వేషం కట్టించి పంపారన్నమాట.

ఈ వేషం వెనక కథ చిన్నదేం కాదు. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు, కాఫీలో మడ్డి నోట్లోకి వస్తోందని విసిగిపోయి, గిన్నె అడుగున బెజ్జాలు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని సిరా అద్దుడు కాయితం పరిచి, దాని మీద పొడి వేసి నీళ్లు పోసింది. 1908లో దాన్ని రిజిస్టరు కూడా చేయించుకుంది. 1941లో అమెరికాలో పీటర్ ష్లుంబోమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నడుము సన్నగా ఉన్న గాజు జాడీ తయారుచేశాడు, దాని పేరు కెమెక్స్. ఇయన్ ఫ్లెమింగ్ 1957 నవల 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో మన జేమ్స్ బాండ్ పొద్దున్నే తాగేది ఆ కెమెక్స్ కాఫీయే. మార్టినీ గురించి అందరికీ తెలుసు, కాఫీ గురించి ఎవరూ చెప్పరు చూడండి! ఆ పైన జపాన్ వాళ్లు ఈ విద్యని తపస్సులా పట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే వి60 గరాటా హారియో అనే జపాన్ గాజు కంపెనీది. గరాటా కోణం 60 డిగ్రీలు, అందుకే ఆ పేరు.

సినిమా పాఠకులు కాబట్టి మీకో సినిమా చెబుతాను. 2014లో వచ్చిన 'ఎ ఫిల్మ్ అబౌట్ కాఫీ' అనే డాక్యుమెంటరీ. అందులో టోక్యోలో చిన్న కాఫీ కొట్టు నడిపిన కత్సుజి దయిబో అనే పెద్దమనిషి ఉంటాడు. 1975లో తెరిచిన కొట్టు, 2013 ఆఖర్లో మూసేశాడు. ఆయన వాడేది కాయితం కాదు, గుడ్డ. ఒక చేత్తో ఆ గుడ్డ గరిటెనీ, ఇంకో చేత్తో కెటిల్‌నీ పట్టుకుని, ముందు బొట్టుబొట్టుగా, ఆ తర్వాత దారంలా నీళ్లు వదులుతాడు. కెటిల్ కదలదు. గుడ్డలో ఉన్న పొడే నెమ్మదిగా తిరుగుతున్నట్టుంటుంది. ఫైటింగులు లేవు, డ్యూయెట్లు లేవు, అయినా కళ్లు తిప్పుకోలేం. కెటిల్ కొనేముందు ఒక్కసారి ఆ సీను చూడండి. ఏం కొనాలో సగం అర్థమవుతుంది.

మిగతా సగం నేను చెబుతాను. నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను కాబట్టి ఆ అధికారం నాకుంది.

మొదటి దెబ్బ అమెరికా నుంచి వచ్చింది. డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు సంక్రాంతికి వస్తూ "అన్నయ్యా, నీకేం తేను?" అన్నాడు. కెటిల్ అన్నాను. తెచ్చాడు. అబ్బ, ఏం అందమండీ! నల్లటి ఒళ్లు, కొయ్య పిడి, నీళ్ల వేడి అంకెల్లో చూపించే బుల్లి తెర. దాని వెల రూపాయల్లో లెక్కగట్టి చూస్తే, ఎడిటరుగారు ఈ శీర్షికకిచ్చే పారితోషికం ఎనిమిది వారాల పాటు కదలకుండా దాచుకోవాలి. పిన్నులు మన సాకెట్లో పట్టవు కదా, వీధి చివర కొట్లో చిన్న అడాప్టరు కొన్నాను. ఇరుగుపొరుగుని పిలిచాను. స్విచ్ వేశాను. టప్ మని ఓ చప్పుడు, కాలిన వాసన, ఇంట్లో కరెంటు హుళక్కి. మార్నింగ్ షోకే బాక్సులు తిరిగొచ్చాయి!

తప్పు కెటిల్‌ది కాదు, నాది. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన ఇళ్లలో 230. నేను కొన్న అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజి మార్చదు. వోల్టేజి ఇంచుమించు రెట్టింపైతే హీటరు లాగే కరెంటు కూడా రెట్టింపవుతుంది, అంటే వేడి నాలుగు రెట్లకి దగ్గరవుతుంది. 1,200 వాట్ల హీటరు కాస్తా లెక్కప్రకారం 4,400 వాట్లు లాగబోయింది. లాగలేక ప్రాణం వదిలింది. ఫోను చార్జర్లు రెండు దేశాల్లోనూ పనిచేస్తాయి కాబట్టి ఇదీ చేస్తుందనుకోవడం నా అమాయకత్వం. అమెరికా అక్కయ్యలూ, జపాన్ వెళ్లొచ్చిన స్నేహితులూ ప్రేమగా కెటిల్ తెస్తానంటే, పొయ్యి మీద పెట్టుకునేది తెమ్మనండి. కరెంటుది మాత్రం మన దేశంలోనే కొనుక్కోండి. అడుగున చీటీ మీద 220-240 వోల్టులు అని ఉందో లేదో చూశాకే డబ్బివ్వండి.

రెండో దెబ్బ స్వయంకృతం. కొత్తది కొనే స్తోమత లేదు కనక, అటక మీదున్న అక్క పెళ్లినాటి ఇత్తడి కొమ్ముచెంబు దింపాను. చింతపండుతో తోమాను, బంగారంలా మెరిసింది. గిన్నెలో మరగబెట్టిన నీళ్లు అందులో పోసి, హీరోలా ఎత్తాను. ఎత్తిన సెకను తర్వాత వదిలేశాను. ఇత్తడికి వేడెక్కడానికెంతసేపు! పెళ్లిలో పోసేది చన్నీళ్లు, అందుకే ఆ చెంబుకి పిడి లేదు. ఈ ఇంగితం నాకు వేళ్లు కాలాక గానీ రాలేదు.

ఆ చప్పుడుకి అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇక్కడ మా అమ్మ గురించి రెండు ముక్కలు. నాన్న పోయాక తెనాలిలో ఒంటరిగా ఉండేది. రెండేళ్ల క్రితం స్నానాలగదిలో జారిపడి కుడిచేతి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, పట్టు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు తీసుకొచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. ఆమె అయిదింటికి లేస్తుంది. రాత్రి రెండింటి దాకా రాతకోతలు చేసే నేను ఎనిమిదింటికి లేస్తాను. నేను లేచేసరికి ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగి ఉంటుంది. ముప్ఫయ్యేళ్లుగా అంతే కాబట్టి, అదెలా దిగుతోందని నేనెప్పుడూ అడగలేదు.

"పంపు కింద పెట్టరా వేళ్లు, నిలబడి చూస్తావేం!" అని కేకలేసి, నా చెయ్యి నీళ్ల కింద పెట్టి, తను పీట మీద కూర్చుంది. కూర్చున్నప్పుడు చూశాను. ఆమె కుడిపాదం మీద అరచేయంత మచ్చ, ఇంకా పూర్తిగా మానలేదు.

"ఇదేంటమ్మా?"

"ఏం లేదురా. మొన్నోరోజు కాస్త తొణికింది."

తొణకడం కాదు. మరిగే నీళ్ల గిన్నెని పటకారుతో పట్టుకుని ఫిల్టర్లో పోయబోతే మణికట్టు మడతపడింది. గిన్నె జారింది. అయిదింటికి నన్ను లేపడం ఇష్టంలేక, తనే తుడుచుకుని, తనే మందు రాసుకుని, మళ్లీ నీళ్లు మరిగించి ఫిల్టర్లో పోసింది. ఆ రోజు కూడా నేను ఎనిమిదింటికి లేచి ఆ కాఫీ తాగే ఉంటాను. పేపరు చదువుతూ.

మర్నాడు ఇద్దరం కలిసి కెటిల్ కొనడానికి వెళ్లాం.

కొట్లో కుర్రాడు వరసగా పది పెట్టాడు. నేను తెరలూ అంకెలూ ఉన్న వాటివైపు చూస్తున్నాను. అమ్మ ఒక్కొక్కటే ఎత్తి చూస్తోంది. "బాబూ, కాసిని నీళ్లు తెచ్చి ఇందులో పొయ్యి" అంది. నీళ్లు పోసి చూడ్డం కుదరదండీ అన్నాడు వాడు. "చీర కొనేటప్పుడు మడత విప్పి చూపించరూ? నీళ్లు పట్టే గిన్నె నీళ్లు లేకుండా ఎలా కొంటార్రా?" అంది. వాడు నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. నీళ్లు వచ్చాయి.

మిత్రులారా, కెటిల్ ఎలా ఎంచుకోవాలో నాకు ఆ అరగంటలో తెలిసింది. ఖాళీ కెటిల్ అన్నీ ఒకటే. నీళ్లు పోశాకే దాని గుణం బయటపడుతుంది. లీటరు నీళ్లంటే కిలో బరువు. కెటిల్ బరువు ఇంకో అరకిలో పైనే. కిలోన్నర బరువుని ఒంటిచేత్తో గాల్లో నిలబెట్టి, వణక్కుండా దారం తీయాలంటే పహిల్వాన్ల వల్ల కూడా కాదు. ఒక కప్పుకి కావలసింది పావులీటరు, గరాటా కడగడానికి ఇంకో వంద మిల్లీలీటర్లు. ఇద్దరుండే ఇంటికి 600 నుంచి 800 మిల్లీలీటర్ల కెటిల్ ధారాళంగా సరిపోతుంది. పెద్దది చవకగా వస్తోంది కదా అని ఆశపడకండి.

ఇక పిడి. సినిమా స్టార్లలా ఫొటోల్లో వెలిగిపోయే కెటిల్స్‌కి పిడి ఒకవైపే అతికించి, రెండోవైపు గాలిలో వదిలేస్తారు. చూడ్డానికి సోకుగా ఉంటుంది. పట్టున్న చేతికి బాగానే ఉంటుంది కూడా. కానీ పట్టులేని చేతికి పైనా కిందా రెండుచోట్లా అతుక్కున్న పిడే కావాలి, వేళ్లు నాలుగూ లోపల దూరాలి, వేళ్ల వెనకభాగం వేడి ఒంటికి తగలకూడదు. "అందంగానే ఉంది, పట్టుకోడానికే లేదు" అని నేను మనసుపడ్డ దాన్ని అమ్మ పక్కన పెట్టేసింది. మూత కూడా చూసింది. పూర్తిగా వంచినా ఊడి పడకూడదు. రెండు కెటిల్స్ మూతలు అక్కడే గల్లాపెట్టె మీద ఊడిపడ్డాయి. మరిగే నీళ్లతో ఇంట్లో ఊడిపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కొమ్ము సంగతి మాత్రం నేను చూశాను. కొమ్ము ఒంటికి అడుగునుంచి బయలుదేరాలి, లోపలి బెజ్జం సన్నగా ఉండాలి. అప్పుడు కొద్దిగా వంచినా నీళ్లు వస్తాయి, బాగా వంచినా వరదలా దూకవు. కొస కిందకి వంగి, అంచు పదునుగా కోసినట్టుండాలి. మొద్దుగా ఉంటే సన్నగా పోసినప్పుడు నీళ్లు కొమ్మునే పట్టుకుని వెనక్కి జారి బల్ల మీద పడతాయి. కొట్లో ఇది చన్నీళ్లతోనే తేలిపోతుంది. ఎంత సన్నగా పోస్తే ధార తెగి బొట్లవుతోందో చూసుకోండి. ఆ ధార ఎంత సన్నగా నిలబడితే కెటిల్ అంత మంచిది. తక్కినదంతా పోస్టరే.

ఇంతకీ ఆ సన్నటి ధార కోసం అంత గోల ఎందుకంటారా? పొలంలో మడికి నీళ్లు పెట్టడం చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. నీళ్లు ఒకపక్కే గండిపడి పారితే ఆ పక్క మొక్క కుళ్లుతుంది, ఈ పక్క మొక్క ఎండుతుంది. కాఫీపొడిలోనూ అంతే. మామూలు కెటిల్‌తో ధబేలుమని పోస్తే మధ్యలో గుంట పడుతుంది, నీళ్లన్నీ ఆ గుంటలోంచే జారిపోతాయి. అక్కడి పొడి సారమంతా ఊడ్చుకుపోయి చేదు దిగుతుంది, అంచుల్లో పొడి సగమే తడిసి పులుపు దిగుతుంది. రెండూ కలిసిన కప్పు ఫ్లాప్ సినిమాలా ఉంటుంది. ఎక్కడ తప్పు జరిగిందో ఎవరూ చెప్పలేరు.

వేడి చూపించే తెర అక్కర్లేదా? ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునగదు. ఈ కాఫీకి నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే చాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు మరిగేదే 98 డిగ్రీల దగ్గర. విశాఖపట్నంలో అయితే 100. గింజలు లేతగా వేయించినవైతే మరిగిన వెంటనే పోసేయండి. నల్లగా వేయించినవైతే మూత తీసి ఓ నిమిషం ఆగండి. ఆ నిమిషం ఆగడానికి అంకెల తెర కొంటే అది మీ ఇష్టం, మీ డబ్బు.

చివరికి మేం కొన్నది తెర లేని స్టీలు కెటిల్, కరెంటుది. 800 మిల్లీలీటర్లు, 1,000 వాట్లు, మరగగానే దానంతటది ఆగిపోతుంది. మూడువేలకి కాస్త తక్కువే అయింది. గ్యాస్ స్టౌ మీద పెట్టేది ఇంకా చవక, కానీ అయిదింటికి లేచే మనిషికి ఆగిపోయే స్విచ్చే ముఖ్యమనిపించింది. మీరు స్టౌ మీదది కొంటే రెండు జాగ్రత్తలు. అడుగు చిన్నది కాబట్టి స్టౌ కాళ్ల మధ్య ఒరిగిపోకుండా చూసుకోండి. మంట అడుగు దాటి పక్కలకి పాకితే పిడి కాలుతుంది, సన్నమంట మీదే పెట్టండి. ఇండక్షన్ స్టౌ అయితే కొనేముందు అడుక్కి అయస్కాంతం అంటుతుందో లేదో చూడండి.

హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇంకో దారుంది. నూడుల్స్ కోసం కొన్న మామూలు కెటిల్ మీ గదిలో ఎలాగూ ఉంటుంది. దాంట్లో మరిగించి, సన్నకొమ్మున్న చిన్న పోతచెంబులోకి వంపుకోండి. పిడి ఉన్నది సుమా, నాలా ఇత్తడిది కాదు! ముందు ఆ చెంబుని కాసిని వేడినీళ్లతో తొలిపితే నీళ్లు మరీ చల్లారవు.

ఇప్పుడు రిహార్సల్. పొడి దండగ చేయకండి, మొదటి రోజు చన్నీళ్లే. త్రాసు మీద గ్లాసు పెట్టి, ఇరవై సెకన్లలో వంద గ్రాముల నీళ్లు పోయండి. అంటే సెకనుకి అయిదు గ్రాములు. మొదట్లో వంద అనుకుంటే నూటయాభై పడతాయి, పర్లేదు. మోచెయ్యి ఒంటికి ఆనించుకుని, మణికట్టు బిగించి, భుజంతో వంచండి. కొమ్ము కొసకీ పొడికీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు చాలు. ఎత్తునుంచి జలపాతంలా పోయడం రీల్స్‌లో లైకుల కోసమే. ధార మధ్యలో తెగి బొట్లుగా పడి పొడిని కెలికేస్తుంది.

టేక్ ఇలా ఉంటుంది. పొడి 15 గ్రాములు, ఇంచుమించు ఉప్మా రవ్వంత బరక. నీళ్లు మొత్తం 240 గ్రాములు. ముందు గరాటాలో కాయితాన్ని వేడినీళ్లతో కడగండి, కాయితం వాసన పోతుంది, గరాటా వెచ్చబడుతుంది. ఆ నీళ్లు పారబోసి, పొడి వేసి, 45 గ్రాముల నీళ్లు అంతటా తడిసేలా పోసి ఆగండి. తాజా పొడి అయితే పూరీలా పొంగుతుంది, లోపల చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు బయటికి పోతోందన్నమాట. నలభై సెకన్లు అలా వదిలేయాలి. ఈ నలభై సెకన్లే ఇంటర్వెల్, తొందరపడి రెండో సగం మొదలెట్టొద్దు! తర్వాత మధ్యనుంచి గుండ్రంగా బయటికి, మళ్లీ లోపలికి, కాయితం గోడ మీద పడకుండా 150 దాకా పోసి, కాస్త దిగనిచ్చి, 240 చేయండి. మొత్తం మూడు నిమిషాల అటూ ఇటూలో దిగిపోవాలి. నాలుగు దాటి చేదెక్కితే పొడి మరీ మెత్తనైనట్టు. రెండు నిమిషాలకే దిగి పలచగా పుల్లగా ఉంటే బరకైనట్టు. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి మాత్రం ఇందులో వేయకండి, దాని దారి వేరు.

ఒక నిజం ఒప్పుకోవాలి. మీరు పాలు పోసుకుని తాగేవాళ్లయితే ఈ గరాటా కాఫీ మీకు నచ్చదు. పాలు పడితే చప్పగా నీళ్లలా ఉంటుంది. పాలకి మన ఇత్తడి ఫిల్టరే తగిన జోడీ. గరాటా మానేయండి, నేనేమీ అనుకోను.

కానీ కెటిల్ మానేయకండి! ఎందుకంటే మా ఇంట్లో జరిగిన తమాషా వినండి. నా నల్లకాఫీ ఒకసారి రుచి చూసి "కషాయానికి ఇంత హంగామానా!" అని తీసిపారేసిన అమ్మ, మర్నాడు అయిదింటికి అదే కెటిల్‌తో ఇత్తడి ఫిల్టర్లో నీళ్లు పోసింది. ఆలోచిస్తే అదీ ఇదీ ఒకటే విద్య కదా. పొడి మీద మరిగే నీళ్లు పోయడం, సారం కిందకి దిగేదాకా కాచుక్కూచోవడం. గిన్నెతో గుభిల్లున పోసినప్పుడు పడే గుంట ఇప్పుడు పడదు. ముందు కాసిని పోసి, పొడి నాననిచ్చి, తర్వాత చుట్టూ తిప్పుతూ పోస్తుంది. ఇది నేను చెప్పలేదు, నా రిహార్సళ్లు వంటింటి గుమ్మంలో నిలబడి చూసి నేర్చుకుంది. డికాక్షన్ మునుపటికన్నా చిక్కగా దిగుతోందని ఆవిడ తీర్పు. పట్టుకుని వెనక్కి వెళ్లే గిన్నె లేదు, పటకారు లేదు. సగానికి మించి నీళ్లు పోయొద్దని మాత్రం కెటిల్ మీద ఎర్రరంగుతో గీత గీశాను. నిండా పోస్తే బరువే కాదు, మరిగేటప్పుడు కొమ్ములోంచి చిమ్ముతుంది కూడా.

నెలకోసారి దాన్ని కడగడం నా డ్యూటీ. మాకొచ్చేది బోరునీళ్లు, నెల తిరిగేసరికి లోపల తెల్లటి పొర కడుతుంది. కొమ్ములోకి పీచు దూరదు. అందుకని ముప్పావువంతు నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు వేసి మరిగించి, అరగంట వదిలేసి, కొమ్ములోంచే పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో మరిగించి పారబోస్తాను. రాత్రిపూట నీళ్లు లోపల నిలవ ఉంచకపోతే ఆ పొర అంత తొందరగా పట్టదు.

ఇప్పుడు మా ఇంట్లో కెటిల్ కాల్షీట్లు అమ్మవి. అయిదు నుంచి ఏడు దాకా పూర్తిగా ఆవిడకే. పక్కింటి పిన్నిగారు కాఫీకి వస్తే ఎక్స్‌ట్రా కాల్షీటు. నాకు దొరికేది ఎనిమిదిన్నర తర్వాతే, అదీ తను తోమి బోర్లించకపోతేనే.

మొన్న డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నేనిచ్చిన కెటిల్ ఎలా పనిచేస్తోంది?" అన్నాడు. ఆ టప్ సంగతి వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు. బాల్కనీలోకి చూశాను. అమ్మ ఆ నల్లటి సుందరిని రెండు చేతులతో పట్టుకుని, తులసికుండీలో సన్నటి ధారగా నీళ్లు పోస్తోంది. ఒక్క బొట్టు కిందపడటం లేదు.

"బ్రహ్మాండంగా పనిచేస్తోందిరా" అన్నాను.